అంతర్జాతీయ పాఠశాల బలాబలాలను బేరీజు వేయడం ఎలా?

హైదరాబాద్‌లో గచ్చిబౌలి నుంచి కోకాపేట, శంకర్‌పల్లి దాకా పేరు చివర ‘ఇంటర్నేషనల్’ అని రాసుకున్న పాఠశాల బోర్డులకు కొదవ లేదు. వాటిలో చాలావరకు బోధించేది సీబీఎస్‌ఈ లేదా రాష్ట్ర సిలబస్‌నే. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్), కేంబ్రిడ్జ్ వంటి విదేశీ బోర్డుల పాఠ్యక్రమాన్ని నిజంగా నడిపే పాఠశాలలు తక్కువ, ఈ మార్గదర్శి వాటి గురించే. పిల్లలను చేర్చాలని ఆలోచిస్తున్న తల్లిదండ్రులకూ, ఇప్పటికే చేర్చి ఏటా లక్షల్లో ఫీజు కడుతున్నవారికీ, తమ పాఠశాలను తామే నిజాయితీగా సమీక్షించుకోదలచిన యాజమాన్యాలకూ ఇది ఉపయోగపడాలన్నది ఉద్దేశం.

ప్రతి దశలోనూ ఒక ప్రశ్నను మాత్రం వదలకుండా దగ్గర పెట్టుకోండి: ఈ పాఠశాలలో మధ్యస్థంగా చదివే విద్యార్థికి ఏం ఒరుగుతోంది? బాగా చదివే పిల్లలు ఎక్కడున్నా పైకి వస్తారు, వారి ఫొటోలే ప్రకటనల్లో కనిపిస్తాయి. బాగా వెనుకబడినవారి మీద, ఇంట్లోవాళ్లు పదే పదే వచ్చి అడుగుతారు కాబట్టి, ఎవరో ఒకరి దృష్టి పడుతుంది. అల్లరి చేయకుండా, ఫస్టు రాకుండా, ఫెయిలూ కాకుండా మూడో బెంచీలో కూర్చునే పిల్లను టీచర్లు ఎంతగా పట్టించుకుంటున్నారన్నదే పాఠశాల అసలు బలానికి కొలమానం అని నేను గట్టిగా నమ్ముతాను. భవనం, ఈతకొలను, స్మార్ట్ బోర్డులు ఈ ప్రశ్నకు జవాబు చెప్పవు.

మొదటి దశ: గుర్తింపును స్వయంగా సరిచూసుకోవడం

ఇది ఇంట్లో కూర్చుని గంటలో చేయదగిన పని. ఐబీ సంస్థ 1968లో జెనీవాలో ఏర్పడింది. దాని వెబ్‌సైట్లో గుర్తింపు పొందిన పాఠశాలలన్నిటి జాబితా ఉంటుంది. పాఠశాల పేరు అందులో ఉందా లేదా అన్నది ఒక్కటే చూసి ఆగిపోకండి. ఐబీలో చిన్నపిల్లలకు పీవైపీ, మధ్య తరగతులకు ఎంవైపీ, 11, 12 తరగతులకు డిప్లొమా, వృత్తిపరమైన చదువుల వైపు వెళ్లేవారికి సీపీ అని నాలుగు కార్యక్రమాలున్నాయి. ఒక్కోదానికి విడివిడిగా అనుమతి తీసుకోవాలి. పీవైపీకి అనుమతి ఉన్నంత మాత్రాన డిప్లొమాకు కూడా ఉన్నట్లు కాదు. ‘క్యాండిడేట్ స్కూల్’ అంటే దరఖాస్తు చేసుకుని అనుమతి కోసం పనిచేస్తున్నది అని మాత్రమే అర్థం, అనుమతి వచ్చి తీరుతుందన్న హామీ అందులో లేదు. కేంబ్రిడ్జ్ పాఠశాలలకూ ఇలాంటి జాబితా ఆ సంస్థ వెబ్‌సైట్లోనే దొరుకుతుంది. పదో తరగతి స్థాయి ఐజీసీఎస్‌ఈ వరకే ఉందా, 12వ తరగతి స్థాయి ఏ-లెవెల్స్ కూడా ఉన్నాయా అన్నది ఆఫీసులో సూటిగా అడగండి. పదో తరగతి తర్వాత పిల్లలను మరో పాఠశాలకు మార్చాల్సి వస్తే ఆ భారం మోసేది మీరే.

విదేశీ బోర్డు గుర్తింపుతో పాటు రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు కూడా ఉండాలి. దేశంలోని ప్రతి పాఠశాలకూ ప్రభుత్వ పాఠశాలల సమాచార వ్యవస్థ ఇచ్చే 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది, దాన్ని అడిగి తెలుసుకోవచ్చు. కొన్ని పాఠశాలలు కౌన్సిల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్కూల్స్ వంటి బయటి సంస్థల అక్రెడిటేషన్ (ప్రమాణాలను పరిశీలించి ఇచ్చే గుర్తింపు) కూడా తెచ్చుకుంటాయి. అది అదనపు బలమే. అయితే అక్రెడిటేషన్‌కూ, రుసుము కట్టి తీసుకునే మామూలు సభ్యత్వానికీ తేడా ఉంది. గోడ మీది ఫ్రేములో ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఏది ఏదో చదివి చూడాలి.

రెండో దశ: తన గురించి పాఠశాల రాసుకున్నది చదవడం

దుబాయ్‌లో పిల్లలను చదివించిన తెలుగు కుటుంబాలకు ఒక సౌకర్యం బాగా అలవాటు. అక్కడ కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ ప్రైవేటు పాఠశాలలను తనిఖీ చేసి, ‘అవుట్‌స్టాండింగ్’ నుంచి ‘వెరీ వీక్’ దాకా శ్రేణులిచ్చి, నివేదికలను అందరూ చదివేలా వెబ్‌సైట్లో పెడుతూ వచ్చింది. అక్కడి భారతీయ పాఠశాలలకూ అదే పద్ధతి. విద్యార్థుల ఫలితాలు, వ్యక్తిత్వ వికాసం, బోధన, పాఠ్యప్రణాళిక, రక్షణ, నాయకత్వం అనే ఆరు ప్రమాణాల మీద ఆ తనిఖీ సాగుతుంది. మన దగ్గర తల్లిదండ్రుల చేతికి అందే అలాంటి నివేదిక లేదు. ఆ ఆరు అంశాలను మాత్రం మన సొంత పరిశీలనకు వాడుకోవడానికి అడ్డేమీ లేదు.

నివేదికలే లేవనుకోనక్కర్లేదు. ఐబీ పాఠశాలలన్నీ అయిదేళ్లకోసారి తమను తాము సమీక్షించుకుని ఐబీకి సమర్పించాలి. దాని మీద ఐబీ పంపే నివేదికలో మెచ్చుకున్న అంశాలతో పాటు, తప్పనిసరిగా సరిదిద్దుకోవాల్సిన అంశాలూ ఉండవచ్చు. ‘గత సమీక్షలో ఐబీ మీకు ఏమేం సరిదిద్దుకోమంది? వాటిలో ఎన్ని పూర్తయ్యాయి?’ అని ప్రిన్సిపాల్‌ను మర్యాదగా అడగండి. నివేదిక కాపీ ఇవ్వకపోయినా, విషయం దాచకుండా చెప్పి, ‘ప్రత్యేక అవసరాలున్న పిల్లల విషయంలో మా ఏర్పాట్లు చాలవన్నారు, ఈ ఏడాది ఇద్దరు టీచర్లను తీసుకున్నాం’ అన్నట్లు మాట్లాడే ప్రిన్సిపాల్ ఉన్న పాఠశాల, లోపమే లేదని చెప్పే పాఠశాల కన్నా నమ్మదగినది. లోపాలు లేని పాఠశాల ఉండదు, తన లోపాలు తనకు తెలియని పాఠశాలలు మాత్రం ఉంటాయి.

భాష, మదింపు, ప్రవేశాలు, ప్రత్యేక అవసరాలు, విద్యాపరమైన నిజాయితీ అన్న విషయాల మీద ఐబీ పాఠశాలలు లిఖితపూర్వక విధానాలు పెట్టుకోవాలి. వాటిని అడిగి తీసుకుని, చివరిసారి ఎప్పుడు సవరించారో తేదీ చూడండి. విద్యాపరమైన నిజాయితీ విధానంలో కృత్రిమ మేధ వాడకం గురించి ఒక్క వాక్యమైనా లేకపోతే, ఆ కాగితాన్ని ఈ మధ్యకాలంలో ఎవరూ తెరిచి చూడలేదని అనుకోవచ్చు.

మూడో దశ: ఫలితాలను విడదీసి చదవడం

ఇక్కడ తొందరపడకండి, ఎక్కువమంది పొరపడే చోటు ఇదే. ఐబీ డిప్లొమాలో ఆరు సబ్జెక్టులుంటాయి, ఒక్కోదానికి గరిష్ఠంగా 7 పాయింట్లు. జ్ఞాన సిద్ధాంతం (థియరీ ఆఫ్ నాలెడ్జ్) అనే కోర్సు, 4,000 పదాల పరిశోధన వ్యాసం కలిపి మరో 3. మొత్తం 45. డిప్లొమా చేతికి రావాలంటే కనీసం 24 పాయింట్లతో పాటు మరికొన్ని షరతులు నెరవేరాలి. 2023, 2024 సంవత్సరాల మే పరీక్షల్లో ప్రపంచ సగటు 30 పైచిలుకు. ఈ నాలుగు అంకెలు తెలిస్తే ప్రకటనల్లోని లెక్కలు చాలావరకు అర్థమవుతాయి.

‘మా విద్యార్థికి 44 వచ్చింది’ అన్నది ఆ విద్యార్థి గురించి చెబుతుంది, పాఠశాల గురించి కాదు. 30 మంది రాసిన బ్యాచ్‌లో ఒకరికి 44 వచ్చి, వరుసలో సరిగ్గా మధ్యన ఉన్నవారికి 28 వచ్చిందనుకుందాం. మీ పిల్లకు అక్కడ దక్కే చదువును అంచనా వేయడానికి ఆ 28 చాలా పెద్ద ఆధారం. కాబట్టి గత మూడు బ్యాచ్‌ల లెక్క ఇలా అడగండి: 11వ తరగతిలో ఎంతమంది చేరారు, వారిలో పూర్తి డిప్లొమాకు ఎంతమంది కూర్చున్నారు, ఎంతమందికి అది వచ్చింది, సగటు ఎంత, మధ్యస్థ స్కోరు ఎంత? మొదటి అంకెకూ రెండో అంకెకూ మధ్య తేడా ఎక్కువగా ఉంటే ఎందుకో తెలుసుకోవాలి. పూర్తి డిప్లొమా రాయకుండా విడి సబ్జెక్టులకు సర్టిఫికెట్లు తీసుకునే వీలుంది. కొందరికి అది మంచి నిర్ణయమే. సగటు పడిపోకుండా చూసుకోవడానికి బలహీనులను అటు నెట్టడం మాత్రం పాఠశాల స్వభావాన్ని బయటపెడుతుంది.

సబ్జెక్టులవారీ సగటు ఇంకా విలువైనది. ఇంగ్లిష్‌లో 6 దగ్గర, గణితంలో 4 దగ్గర సగటు ఉంటే, అదీ మూడేళ్లూ అలాగే ఉంటే, లోపం పిల్లలది కాదు, గణిత విభాగానిది. ఒక్క ఏడాదే పడిపోతే ఆ ఏడాది టీచర్ మారారేమో అడగండి.

ఇంకో రెండు అంకెలున్నాయి, అడిగేవారు అరుదు. మొదటిది, పాఠశాల ఊహించి ఇచ్చిన గ్రేడ్లకూ చివరికి వచ్చిన గ్రేడ్లకూ మధ్య తేడా. విదేశీ విశ్వవిద్యాలయాలు చాలావరకు ఊహించిన గ్రేడ్ల ఆధారంగా సీటు ఇవ్వజూపుతాయి. పాఠశాల ఉదారంగా 40 రాసి ఇచ్చి, విద్యార్థికి 33 వస్తే, షరతుతో వచ్చిన ఆ సీటు జూలైలో చేజారవచ్చు. రెండోది, పాఠశాల టీచర్లే దిద్దే ఇంటర్నల్ అసెస్‌మెంట్ల మార్కులను ఐబీ మోడరేషన్‌లో, అంటే తన పునఃపరిశీలనలో, ఎంత తగ్గించింది అన్నది. ఒక సబ్జెక్టులో ఏటా తగ్గుతున్నాయంటే మదింపు ప్రమాణాలు ఆ టీచర్లకు ఒంటబట్టలేదని అర్థం. ఇది శిక్షణతో సరిచేసుకోదగిన లోపమే కాబట్టి, తెలిసిన తర్వాత పాఠశాల ఏం చేసిందో అడగండి.

కేంబ్రిడ్జ్ పాఠశాలలోనూ తర్కం ఇదే. అత్యుత్తమమైన ‘ఏ*’ (ఎ-స్టార్) గ్రేడ్లు ఎన్ని అని కాకుండా, బ్యాచ్ మొత్తంలో అయిదు, అంతకన్నా ఎక్కువ సబ్జెక్టుల్లో సీ, ఆపైన గ్రేడ్ తెచ్చుకున్నవారు ఎంతమంది అని అడగండి.

ఇంత అడిగాక కూడా, ఆ ఫలితాలు పాఠశాలవో, బయటి ట్యూషన్లవో తేలదు. హైదరాబాద్‌లో ఐబీ, ఐజీసీఎస్‌ఈ ట్యూషన్లు పెద్ద వ్యాపారం. 11, 12 తరగతుల పిల్లల తల్లిదండ్రులను కలిసి ఎవరెవరు ఏ సబ్జెక్టుకు ట్యూషన్ పెట్టించారో కనుక్కోండి. ఒక సబ్జెక్టుకు క్లాసులో ఎక్కువ మంది బయట చెప్పించుకుంటుంటే, ఆ సబ్జెక్టులో వచ్చిన మంచి ఫలితాన్ని పాఠశాల బలాల జాబితాలో రాయకండి.

నాలుగో దశ: తరగతి గది, నోటు పుస్తకం

ఓపెన్ హౌస్ రోజున చూసేది ప్రదర్శన. మామూలు పనిదినాన, కుదిరితే మధ్యాహ్నం భోజనం తర్వాతి పీరియడ్‌లో, అరగంట తరగతి గదిలో వెనక కూర్చునే వీలు కల్పించమని అడగండి. అన్ని పాఠశాలలూ ఒప్పుకోవు, పిల్లల భద్రత దృష్ట్యా అందులో న్యాయమూ ఉంది. ఒప్పుకుంటే టీచర్‌ను కాదు, పిల్లలను గమనించండి. ప్రశ్న అడిగాక టీచర్ ఎంతసేపు ఆగుతున్నారు? చేయెత్తే నలుగురినే పిలుస్తున్నారా, ఎత్తనివారినీ పలకరిస్తున్నారా? తప్పు జవాబు వచ్చినప్పుడు ‘ఎలా అనుకున్నావు?’ అని తరచి అడుగుతున్నారా, వెంటనే పక్కవారి దగ్గరికి వెళ్తున్నారా? ఐబీ చెప్పే అన్వేషణాత్మక బోధన నిజంగా జరుగుతోందో లేదో ఈ చిన్న విషయాల్లోనే తెలిసిపోతుంది.

గోడ మీది డిస్‌ప్లే బోర్డు కూడా మాట్లాడుతుంది. 24 మంది పిల్లల పేర్లతో అచ్చంగా ఒకేలాంటి 24 కాగితపు సీతాకోకచిలుకలు కనిపిస్తే అవి టీచర్ కత్తిరించి ఇచ్చినవి. వంకరటింకర గీతలు, దిద్దుకున్న అక్షరాలు, ఒకదానికొకటి పోలిక లేని బొమ్మలు కనిపిస్తే అక్కడ పిల్లలు పనిచేస్తున్నారన్నమాట.

అన్నిటికన్నా నమ్మకమైన సాక్ష్యం నోటు పుస్తకం. పరిచయమున్న కుటుంబం నుంచి, మధ్యస్థంగా చదివే పిల్లదే, ఒక పుస్తకం అడిగి తెచ్చుకోండి. మొదటి పేజీలు ఎప్పుడూ శుభ్రంగానే ఉంటాయి కాబట్టి విద్యాసంవత్సరం మధ్యలోని పేజీలు తెరవండి. పేజీ చివర ఎర్ర ఇంకుతో ఒక టిక్కు, ‘గుడ్’ అన్న మాట, దాని కింద సంతకం మాత్రమే ఉన్నాయా? లేక ‘రెండో పేరాలో నువ్వు చెప్పినదానికి ఆధారం చూపలేదు, పట్టికలోని అంకెలు వాడి మళ్లీ రాయి’ అని ఉండి, దాని కిందే పిల్ల తిరగరాసిన పేరా, దాన్ని టీచర్ మళ్లీ చూసిన గుర్తు ఉన్నాయా? రెండో రకం పేజీ తయారు కావడానికి టీచర్‌కు సమయం, పిల్ల మీద శ్రద్ధ, దాన్ని కోరుకునే యాజమాన్యం మూడూ కావాలి. నాలుగైదు పుస్తకాల్లో ఇలాంటి పేజీలు కనిపిస్తే మరో ఆలోచన లేకుండా దాన్ని పాఠశాల ప్రధాన బలంగా రాసుకోండి.

అయిదో దశ: టీచర్లు ఎంతకాలం ఉంటున్నారు?

డిప్లొమా రెండేళ్ల కోర్సు. మధ్యలో భౌతికశాస్త్రం టీచర్ వెళ్లిపోతే, కొత్తవారు వచ్చి, సగంలో ఉన్న ప్రయోగాలనూ నివేదికలనూ అందుకునేసరికి నెలలు గడిచిపోతాయి. కాబట్టి టీచర్లలో విదేశీయులు ఎందరన్న దానికన్నా, మూడేళ్లకు పైగా ఇక్కడే ఉన్నవారెందరన్నది ముఖ్యం. గత ఏడాది విద్యాసంవత్సరం మధ్యలో ఎందరు మానేశారో, ప్రిన్సిపాల్, డిప్లొమా కోఆర్డినేటర్ ఎప్పటి నుంచి ఉన్నారో కూడా అడగండి. నాలుగేళ్లలో ముగ్గురు ప్రిన్సిపాళ్లు మారిన చోట, లోపం వచ్చిపోయినవారిలో కాదు, వారిని నియమించినవారిలో ఉండే అవకాశమే ఎక్కువ. ఇది త్వరగా బాగుపడే లోపం కాదు.

ఆరో దశ: తెలుగుకు ఇచ్చే చోటు

అంతర్జాతీయ విద్య అంటే ఇంగ్లిష్ చదువు అనుకునేవారున్నారు. ఐబీ మాత్రం మాతృభాషను కాపాడుకోవడాన్ని తన భాషా విధానంలో భాగంగానే చూస్తుంది. డిప్లొమాలో మాతృభాషా సాహిత్యాన్ని పాఠశాల తోడ్పాటుతో స్వయంగా చదువుకుని పరీక్ష రాసే వీలు కూడా ఉంది. ఇక తెలంగాణలో 2018 చట్టం ప్రకారం పాఠశాలల్లో తెలుగు బోధన తప్పనిసరి. 2025లో ప్రభుత్వం ఐబీ, సీబీఎస్‌ఈ తదితర బోర్డుల పాఠశాలల్లో 9, 10 తరగతులకు ‘వెన్నెల’ అనే సరళ తెలుగు పుస్తకాన్ని నిర్దేశించింది. కాబట్టి తెలుగు ఉందా అని అడగడంతో సరిపోదు. వారానికి ఎన్ని పీరియడ్లు, ఆ టీచర్ పూర్తికాలం ఉద్యోగా, స్టాఫ్ మీటింగుల్లో ఆమెకు మిగతావారితో సమానమైన మాట ఉందా అన్నవి చూడాలి. లైబ్రరీకి వెళ్లి తెలుగు పుస్తకాల అర ఎక్కడుందో అడిగి, నాలుగు పుస్తకాలు తీసి, పిల్లలు ఇంటికి తీసుకెళ్లిన తేదీలు చూడండి. ఇంగ్లిష్ లైబ్రరీకి వెచ్చించిన దానిలో పదో వంతు కూడా ఇటు పెట్టని పాఠశాలకు ఆ మాట నేరుగా చెప్పాలి. తెలుగు గడ్డ మీద నడుస్తూ తెలుగును పట్టించుకోకపోవడం చిన్న లోపం కాదు.

ఏడో దశ: మీ ఇంటి ప్రణాళికకు సరిపోతుందా?

పాఠశాల మంచిదే అయినా మీ దారికి సరిపోకపోవచ్చు. పిల్ల వైద్యవిద్య ఇక్కడే చదవాలనుకుంటే ఈ తేదీలు చూడండి: ఐబీ మే పరీక్షలు ఏప్రిల్ చివర మొదలై మే మూడో వారం దాకా సాగుతాయి, నీట్ 2024లో మే 5న, 2025లో మే 4న జరిగింది. రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. పైగా నీట్ అడిగేది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల లోతు. ఐబీ ఫలితాలు జూలై మొదటి వారంలో వస్తాయి కాబట్టి ఇక్కడి కౌన్సెలింగ్ తేదీలతోనూ ఇబ్బంది ఉంటుంది. డిప్లొమాకూ, ఏ-లెవెల్స్‌కూ అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్ నుంచి 12వ తరగతితో సమానత దొరుకుతుంది, అయితే సబ్జెక్టుల విషయంలో షరతులుంటాయి. సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడే ఈ విషయాలన్నీ కుటుంబాలకు విడమరచి చెప్పే కౌన్సెలర్ ఉంటే అది బలం. ‘నీట్, జేఈఈ కూడా మేమే చూసుకుంటాం’ అని అలవోకగా చెబితే, గతంలో అలా సీటు తెచ్చుకున్నవారు ఎందరో, వారు ఎక్కడ కోచింగ్ తీసుకున్నారో అడగండి.

ఎనిమిదో దశ: భద్రత, డబ్బు

భద్రతలో రాజీ లేదు. లైంగిక నేరాల నుంచి పిల్లలకు రక్షణ కల్పించే పోక్సో చట్టం కింద వచ్చిన 2020 నిబంధనల ప్రకారం పిల్లలతో పనిచేసే సిబ్బంది నేపథ్యాన్ని పోలీసుల ద్వారా సరిచూడాలి, అదీ నిర్ణీత వ్యవధుల్లో మళ్లీ మళ్లీ. బస్సు డ్రైవర్లు, హెల్పర్లు, కాంట్రాక్టు పనివారు కూడా ఈ పరిశీలన పరిధిలో ఉన్నారా అని అడగండి. ఫిర్యాదు ఎవరికి చేయాలో పిల్లలకు తెలుసా అన్నది పిల్లలనే అడగాలి. పిల్లల సహాయ ఫోన్ నంబరు 1098 కారిడార్‌లో పిల్లల కంటికి అందే ఎత్తులో ఉందో లేదో చూడండి. ఇక్కడ లోపం కనిపిస్తే దాన్ని ‘మెరుగుపరచుకోవాల్సినవి’ జాబితాలో వేయకండి, సరిచేసేదాకా చేర్చకండి.

డబ్బు విషయంలో ట్యూషన్ ఫీజు ఒక్కటే కాక, బోర్డు పరీక్షల రుసుము, ల్యాప్‌టాప్, రవాణా, విహారయాత్రలు, ఏటా పెంపు అన్నీ కలిపి మూడేళ్ల మొత్తం రాతపూర్వకంగా తీసుకోండి.

తొమ్మిదో దశ: అంచనా రాసుకుని, పాఠశాల ముందు పెట్టడం

చూసిన ప్రతి విషయానికీ మూడు గడులు పెట్టుకోండి: పాఠశాల ఏం చెప్పింది, మీరు ఏం చూశారు, దానికి ఆధారమేమిటి. ఆధారం గడి ఖాళీగా ఉంటే అది బలమూ కాదు, లోపమూ కాదు, ఇంకా తేలని విషయం. వదిలివెళ్లిన ఒకరిద్దరు తల్లిదండ్రుల మాట కూడా వినండి, అయితే కోపంతో చెప్పినదాన్నీ, తేదీతో సహా చెప్పినదాన్నీ వేరువేరుగా రాసుకోండి.

లోపాలను మళ్లీ రెండుగా విడదీయాలి. డబ్బుతోనో, శిక్షణతోనో ఏడాదిలో తీరేవి కొన్ని: ల్యాబ్‌లో పరికరాల కొరత, తెలుగు పుస్తకాలు లేకపోవడం, ఇంటర్నల్ అసెస్‌మెంట్‌లో తడబాటు వంటివి. యాజమాన్యం మనసు మారితే తప్ప తీరనివి మరికొన్ని: టీచర్లు నిలవకపోవడం, ఫలితాలు దాచడం, బలహీనులను తప్పించడం. మొదటి రకం అయిదారు ఉన్నా చేర్చవచ్చు. రెండో రకం ఒక్కటి తేలినా మరోసారి ఆలోచించాలి.

పిల్లలు ఇప్పటికే అక్కడ చదువుతుంటే, రెండు పేజీలు మించకుండా, ముందు మూడు బలాలు, తర్వాత మూడు లోపాలు, ఒక్కోదాని పక్కన ఆధారం రాసి ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. ‘గణితంలో మూడేళ్ల సగటు ఇలా ఉంది, రెండు సెక్షన్లలో ఎక్కువమంది ట్యూషన్‌కు వెళ్తున్నారు, వచ్చే టర్మ్‌లోగా ఏం చేయగలరు?’ అన్నంత స్పష్టంగా ఉండాలి. వాట్సాప్ గ్రూపులో నెలల తరబడి సాగే చర్చ కన్నా ఆ రెండు పేజీలకు ఎక్కువ పలుకుబడి ఉంటుంది. జవాబు లిఖితంగా కోరండి, గడువు అడగండి, ఆ గడువు నాటికి అదే నోటు పుస్తకాన్ని, అదే సబ్జెక్టు సగటును మళ్లీ తీసి చూడండి.